ఇంగ్లండులో కారం దంచరాదు

మొన్న మా నరసరావుపేటలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి హైదరాబాదు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఒక దేశం తెలివి ఎంతో తేలాలంటే ఆ దేశస్థులకు పరాయి దేశాలు ఎన్ని పేటెంట్లు ఇచ్చాయో చూడాలనీ, సొంత దేశంలో ఇచ్చుకున్నవి లెక్కలోకి రావనీ గంభీరంగా సెలవిచ్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. ముందు వరసలో కూర్చుని నవ్వడం మర్యాద కాదని తెలుసు. అసలు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టిందెందుకంటే, ఊళ్ళో సీనియర్ వకీళ్ళలో నేనొకణ్ణి. అంటే నాకంటే సీనియర్లు ఒక్కొక్కరే దాటిపోయారు. అంతకుమించి నేను ఎక్కిన మెట్టేమీ లేదు.

వక్తను చూసి కాదు నేను నవ్వింది. ఆ మాటే, ఇంచుమించు అదే గాంభీర్యంతో, పదిహేనేళ్ళ కిందట మా బార్ రూములో టిఫిన్ వేళ రోజూ చెప్పే మనిషి గుర్తొచ్చాడు. ఆయన పోయి ఏడాది దాటింది. నేను ఆయన దగ్గర జూనియర్ని. కేసులు లేని జూనియర్ని గనక ఆయన చెప్పేవన్నీ వినే తీరిక నాకుండేది. పేటలో నాకు దొరికిన మొదటి వాదన ఆయనతోనే, అందులోనూ ఓడిపోయాను.

నరసరావుపేటను మేం పేట అంటాం. పేటంటే ఆయనకు పేటెంటే. కోర్టులో బంట్రోతు దగ్గర్నుంచి మునసబు గారి దాకా ఆయన్ని చాటున 'పేటెంటు గారు' అనేవారు. ఎదుట 'ప్లీడరు గారు'. ఆయనకు రెండూ తెలుసు. మొదటిదానికే ఎక్కువ మురిసేవాడు.

ఏ వస్తువు చేతికిచ్చినా ముందు తిరగేసి చూసేవాడు. అది ఏ దేశపు సరుకో తెలిస్తే గాని ఆయనకు ఊపిరాడదు. పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతుర్ని చూడడానికి ముందు గ్యాసు లైటు కింద నిలబడి మెడ ఎత్తి దాని అడుగు చదివేవాడు. కుట్టుమిషను కనిపిస్తే పంచె సర్దుకుని దాని కిందికి దూరేవాడు. మా మామగారు నాకు పెట్టిన చేతిగడియారం చూసి, "మీ మామ పెట్టింది స్విట్జర్లాండురా అబ్బాయ్. మన దేశం పెట్టింది ఈ తోలుపట్టీ," అన్నాడు. ఆ తర్వాత టైమెంతయిందని ఎవరైనా అడిగితే నాకు పట్టీ మీదికే చూపు పోయేది.

ఒక కొట్లాట కేసులో ఎదుటి పక్షం సాక్షికి అడ్డప్రశ్నలు వేస్తూ, బల్ల మీదున్న పారను చేతిలోకి తీసుకుని తిరగేశాడు. కేసు సంగతి మరిచిపోయాడు.

"ఇది ఏ దేశందయ్యా?"

"మా బావమరిదిదండీ," అన్నాడు సాక్షి.

కోర్టంతా నవ్వింది. ఈయన మాత్రం చిన్నబోయి, పారను జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "ఇంకేం ప్రశ్నల్లేవు," అని కూర్చున్నాడు. ఆ కేసు మేం ఓడిపోయామని వేరే చెప్పక్కర్లేదు.

ఈ పిచ్చికి మూలం ఒకటుంది. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఒక దొర ప్రొఫెసరు, మీవాళ్ళు దేన్నయినా కంఠస్థం చేస్తారు గాని దేన్నీ కనిపెట్టరని క్లాసులో అన్నాడట. ఆ మాట ఈయన కంఠంలోనే అడ్డం పడి ఉండిపోయింది. హైకోర్టు ఇంకా మద్రాసులో ఉన్న కాలంలో అప్పీలు పనిమీద వెళ్తే, పని కాగానే లైబ్రరీలో చేరి పరాయి దేశాల పేటెంటు పత్రికలు ముందేసుకునేవాడు. జర్మనీ, అమెరికా, జపాను, మళ్ళీ జర్మనీ. ఇండియా అన్న మాట కోసం వేలితో వరసలు వెతికేవాడు. ఒకసారి దొరికింది. ఆ వారం పేటలో ఆయన నడక చూడాలి, స్వరాజ్యం రెండోసారి వచ్చినట్టుండేది. మరో ప్రయాణంలో పూర్తి వివరం చదివితే ఆ 'ఇండియా' డార్జిలింగులో తేయాకు తోటున్న ఇంగ్లీషు దొరని తేలింది. తిరిగొచ్చి కొన్నాళ్ళు టిఫిన్ వేళకు బార్ రూముకే రాలేదు.

మన కలకత్తా ఆఫీసు ఇచ్చే పేటెంట్లు చాలవా అని నేనోసారి వాళ్ళింట్లో అడిగాను. అదే నేను ఓడిపోయిన మొదటి వాదన.

"తల్లి తన పిల్లను అందగత్తె అంటే అది సాక్ష్యమా? అత్త అనాలి. కలకత్తా మనకు తల్లి, లండను అత్త. అత్త మెచ్చిందాకా మన అందం అద్దంలోదే."

వంటింట్లోంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది. "అత్త మెచ్చిన కోడలు ఏ ఊళ్ళో ఉందో మీ గురువుగారిని అడుగబ్బాయ్."

అడగలేదు. కేసులు లేకపోయినా నాకు లోకజ్ఞానం ఉంది.

ఇలా పరాయి లెక్కల్లో మన పేరు వెతికీ వెతికీ, ఇక లాభం లేదని తనే ఎక్కించాలని నిశ్చయించుకున్నాడు. ఏం కనిపెట్టాలో తెలీదు; కనిపెట్టాలని మాత్రం తెలుసు. దారి చూపించింది వాళ్ళావిడ తుమ్ము. మా ప్రాంతంలో ఏడాదికి సరిపడా కారం ఎండాకాలంలో దంచుకుంటారు. ఆ రోజు ఆ ఇంట్లోవాళ్ళే కాదు, వీధి వీధంతా తుమ్ముతుంది. ఆవిడకు ఉబ్బసం, కారం దంచిన వారం మంచం దిగేది కాదు. ఈయన మటుకు రోజూ నశ్యం పీల్చి కావాలని తుమ్మే మనిషి. ఇష్టంగా తుమ్మేవాడికి బలవంతపు తుమ్ము మీద జాలి కలగడం లోకంలో అరుదు. అందుకే ఆయన్ని నేను గొప్పవాడంటాను.

ఆయన కనిపెట్టింది ఇదీ: రోలుకు ఒక తోలు గుడారం. అంచును రోలు చుట్టూ ఇనుప కమ్మీతో బిగిస్తారు. మా వైపు కారం ఒక్కరే దంచరు, ఎదురుబొదురుగా ఇద్దరు నిలబడి పోటు మీద పోటు వేస్తారు. కాబట్టి గుడారానికి పైన రెండు చేతులు, చొక్కా చేతుల్లాగే. వాటిల్లోంచి రెండు రోకళ్ళు దిగుతాయి. చేతి అంచును రోకలికి తాడుతో కడితే, రోకలి లేచినప్పుడు తోలు సాగుతుంది, పడినప్పుడు హార్మోనీ తిత్తిలా ముడుచుకుంటుంది. కారం లోపలే ఉంటుంది.

కుట్టడానికి జట్కా గుర్రాలకు జీన్లు కుట్టే సాయిబును పిలిపించాడు. దరఖాస్తు పెట్టకముందు విషయం బయటికి పొక్కితే పేటెంటు రాదు. నలుగురికీ తెలిసినదాన్ని కొత్తదని చట్టం ఒప్పుకోదు. అందుకని గుర్రానికేనని అబద్ధమాడాడు. సాయిబు తోలు కొలిచి, రెండు చేతులకేసీ ఈయనకేసీ మార్చి మార్చి చూశాడు.

"రెండు మెడల గుర్రం ఎక్కడ కొన్నారు వకీల్ సాబ్?"

"నీకెందుకయ్యా, కుట్టు."

"కుడతా. ఒక్కసారి గుర్రాన్ని చూపించండి. మా పిల్లలక్కూడా చూపిస్తా."

తలుపులు మూసి మొదటి పరీక్ష చేశారు. గుడారం బిగించాక లోపలి గాలికి దారి లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు. మొదటి పోటుకే ఆ గాలి కారంతో సహా ఒక సందు చూసుకుని సూటిగా ప్లీడరు గారి ముఖాన కొట్టింది. నేను పక్కనే ఉన్నాను. ఆయనకు మిగిలింది నాకు దక్కింది. తేరుకున్నాక ఆయన అన్న మొదటి మాట, "గాలి పోవాల, కారం ఉండాల." దాన్నే పట్టుకుని కొన్ని రోజులు నడివసారాలో పచార్లు చేసి, చివరికి గుడారం పక్కన దళసరి ఖద్దరు సంచి ఒకటి తోకలాగా కుట్టించాడు. గాలి గుడ్డలోంచి పోతుంది, కారం ఆగిపోతుంది. ఖద్దరు చేసిన దేశసేవల్లో దీన్ని కూడా ఎవరైనా చేరిస్తే బాగుండును.

ఈసారి అంతా సవ్యంగా జరిగింది. కొత్త చిక్కల్లా వీధితో వచ్చింది. రోకటి పోట్లు వినిపిస్తున్నాయి, తుమ్ములు వినిపించడం లేదు. కారం దంచుతూ తుమ్మని ఇల్లేమిటని చుట్టుపక్కల ఆడవాళ్ళు గోడల మీదుగా తొంగి చూశారు. పసుపు దంచుతున్నానని వాళ్ళావిడ చెప్పింది. అంత పసుపు దేనికి, ఇంట్లో పెళ్ళేమన్నా ఉందా అని వాళ్ళు. మరుసటి వారం దాకా ఆ పుకారు నడిచింది.

ఇక దరఖాస్తు రాసి కలకత్తాకు పంపడమే. అయితే వకీలు రాసే కాగితం గనక అది తెమల్లేదు. 'రోకలి' అన్నచోట 'రోకలి లేక రోకలి వంటి ఏదేని సాధనము' అని మార్చాడు. వారం తర్వాత 'వంటి' అన్నమాట మీద అనుమానమొచ్చింది. అలా ఎండాకాలం పోయి, వానలు పోయి, చలికాలం పోయి శివరాత్రి వచ్చింది. కాగితం చివరికి సిద్ధమయింది. పండగ సెలవు కాగానే పోస్టు చెయ్యడానికి బల్ల మీద పెట్టాడు.

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ. ఊరూరా వెదురు గడలతో ఎత్తైన ప్రభలు కట్టుకుని, బళ్ళ మీద నిలబెట్టి కొండ దగ్గరికి తెస్తారు. ఎవరి ప్రభ ఎంత ఎత్తు, ఎవరిది ఎంత వేడుక అన్నదాని మీద ఏడాది పొడుగునా మాటలు నడుస్తాయి. శావల్యాపురం పక్కన ప్లీడరు గారి సొంత ఊరు. ఆ ఊరి ప్రభ కింద మేమిద్దరం నిలబడి ఉన్నాం. పక్కనే మరో ఊరి ప్రభ. దాని మీద కీ ఇస్తే తల తిప్పే బొమ్మొకటి పెట్టారు. జనం దాని చుట్టూ మూగారు. ఆ ఊరి ఆసామి మీసం దువ్వుకుంటూ మా వైపు తిరిగాడు.

"మీ ఊళ్ళో ఏముందిలేయ్యా ప్లీడరు గారూ, ఎండుమిరపకాయలు తప్ప. వాటికీ తలుంది గాని తిరగదు."

నేను ఆయన ముఖం చూశాను. కంఠంలో అడ్డం పడ్డ ఆ పాత మాట కదిలినట్టుంది. కోటు అంచు పట్టుకున్నాను. కోటు నా చేతిలో ఉండిపోయింది, ఆయన ప్రభ బండెక్కాడు. మనిషిని పంపి ఇంట్లోంచి గుడారం తెప్పించాడు. ఎవరి కొట్లోంచో రోలూ రోకళ్ళూ వచ్చాయి. ఇద్దరు ఆడవాళ్ళు దంచుతుంటే, చుట్టూ చేరిన జనంలో ఒక్కరూ తుమ్మలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. గాలి ఎటు పోతుందో, సంచి ఎందుకు ఖద్దరుదో, కమ్మీ ఎంత బిగువుండాలో అన్నీ కోర్టులో వాదించినట్టు వాదించాడు. కోర్టులో ఎన్నడూ అంత బాగా వాదించలేదు. ఎవరో "రోలుకు చొక్కా తొడిగారురోయ్" అన్నారు. కీలుబొమ్మ చుట్టూ పిట్ట కూడా మిగల్లేదు. గుట్టంతా గుట్ట కిందే రట్టయింది.

మర్నాడు ఉదయం నేను వెళ్ళేసరికి ఆయన బల్ల ముందు కూర్చుని కాగితం కేసి చూస్తున్నాడు. ఏళ్ళ తరబడి మాకు నేర్పిన చట్టం ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. జనం ఎదుట ప్రదర్శించిన వస్తువు ఈ దేశంలో ఇక కొత్తది కాదు. బార్ రూములో అందరం నచ్చజెప్పాం. కలకత్తా ఆఫీసు గుమాస్తా కోటప్పకొండ తిరునాళ్ళకొచ్చి చూశాడా అన్నాం.

"వాడు రాలేదయ్యా. నేనొచ్చాను," అన్నాడు.

ఆ దరఖాస్తు కలకత్తాకు పోలేదు.

కానీ వకీలు బుర్ర వకీలు బుర్రే. నెలరోజులు దిగాలుగా ఉండి, ఒకరోజు నశ్యం పట్టు పడుతూ పట్టు దొరికినట్టు లేచాడు. ఇంగ్లండు చట్టం అడిగేది ఒకటే: ఈ వస్తువు ఇంగ్లండులో ఎవరికైనా ముందే తెలుసా? కోటప్పకొండ ఇంగ్లండులో లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇల్లు ఎలాగూ పోయింది, రచ్చయినా గెలుద్దామన్నాడు. మద్రాసు ఏజెంటు ద్వారా కాగితాలు లండను వెళ్ళాయి.

అక్కడి పరీక్షాధికారికి ఈ ధూళి వల్ల అంత ప్రమాదమేమిటో బోధపడలేదట, వివరించమన్నాడు. మా గురువుగారు నాలుగు పేజీల వివరణ రాసి, దానితోపాటు మాచర్ల నుంచి తెప్పించిన మిరపకాయలు దంచి ఒక పొట్లం నమూనాగా పంపాడు. ఆ పొట్లం ఎవరు విప్పారో, ముక్కుకు ఎంత దగ్గరగా విప్పారో నాకు తెలీదు. ఆ తర్వాత అక్కడి నుంచి మరో ప్రశ్న రాలేదు.

పేటెంటు వచ్చింది. అరచేతంత ముద్ర, పట్టు దారం. బార్ రూములో అందరికీ లడ్లు పంచాడు. కాగితాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే తిప్పి తిప్పి చూపించాడు. ఎక్కాంరా అబ్బాయ్, లెక్కలోకి ఎక్కాం అంటున్నప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. అది నశ్యం వల్ల కాదని నేను ప్రమాణం చెయ్యగలను. దీంతో లాభమేమిటని ఎవరో అడిగారు.

"ఇంగ్లండులో మన అనుమతి లేకుండా ఈ పద్ధతిలో ఎవడూ కారం దంచరాదు."

"దంచమని బతిమాలినా దంచరు గదండీ," అన్నాడు అడిగినతను.

ఆయన కూడా నవ్వాడు గాని, లడ్డు సగంలో ఆపేశాడు.

ఆ తర్వాత రెండు మూడేళ్ళకు అనుకుంటా, ఒక గట్టు తగాదాలో పొలం చూసి రిపోర్టు రాయమని కోర్టు ఆయన్ని కమిషనరుగా వేసింది. ఇద్దరం బస్సులో రొంపిచెర్ల వెళ్ళాం. పని ముగిసేసరికి ఎండ ముదిరింది. మంచినీళ్ళకని ఒక ఇంటి ముందు ఆగాం. వాకిట్లో ఒక పెద్దావిడా ఆమె కోడలూ కారం దంచుతున్నారు. రోలుకు చొక్కా ఉంది.

తోలుది కాదు, పాత టార్పాలిన్ గుడ్డది. చేతుల చివర తాడు లేదు. సైకిలు ట్యూబు ముక్కలు తొడిగారు. రబ్బరు రోకలిని పట్టుకునే ఉంది, లేచినప్పుడు సాగుతోంది, పడినప్పుడు ముడుచుకుంటోంది. తాడు అయితే ఊడుతుండేది. ప్లీడరు గారింట్లో అదే బాధ. ఆయన నీళ్ళ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏందయ్యా అట్టా చూస్తన్నావు? రోలు ఎప్పుడూ చూళ్ళేదా ఏంది?" అంది పెద్దావిడ.

"దీన్ని ఎవరు కనిపెట్టారమ్మా?" అన్నాడు మెల్లగా.

ఏం చెప్పబోతాడో, కోటు జేబులో ఎప్పుడూ మడిచి పెట్టుకునే ఆ కాగితం నకలు తీస్తాడేమో అనుకున్నాను.

"దీన్నొకళ్ళు కనిపెట్టాల్నా? ముక్కున్నోళ్ళకెవళ్ళకైనా తోస్తది. ఈ ట్యూబులు మాత్రం మా కోడలు పెట్టింది. మా వోడి సైకిలు పంచరైందని పారేస్తంటే తీసుకుంది."

కోడలు సిగ్గుపడి రోకలి వెనక్కి జరిగింది.

ఆయన నా వైపు తిరిగాడు. ముఖమంతా నవ్వు. ఎవరికైనా తోచేదే అన్న ఆక్షేపణ ఒక్కటి చాలట, ఏ పేటెంటైనా పడిపోతుందట. "లండనోడికి తోచలా. చూడు, ఈవిడ నిలబెట్టి అడిగేసింది," అన్నాడు నాతో. జేబు ముట్టుకోలేదు.

ఆ తర్వాత కోడల్ని పిలిచి ట్యూబును ఎంత వెడల్పు కోసిందో, ఎలా కుట్టిందో, ఎండకు పగిలిందా లేదా అని ఒక్కొక్కటే అడిగాడు. ఆమె మొదట తడబడి, తర్వాత తీరిగ్గా చెప్పింది. తన ఇంట్లోది తాడుదనీ, ఊడిపోతుందనీ, ఇలాంటిది ఒకటి కుట్టి ఇస్తుందా అనీ అడిగాడు. అత్తగారు ఈయన్ని ఎగాదిగా చూసింది. కోటేసుకున్నాయన ఇంట్లో మంచి రోటి చొక్కా కూడా లేదని జాలిపడి, కుట్టి ఇచ్చేదేముంది, మాకింకోటుంది పట్టుకుపో అని లోపల్నుంచి తెచ్చిచ్చింది.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని చొక్కాను ఒళ్ళో పెట్టుకున్నాడు. నేనుండబట్టలేక, మీ పేరు ఒక్కమాటయినా చెప్పాల్సింది గదా గురువుగారూ అన్నాను.

"ఊరుకోరా. ట్యూబు సంగతి నాకు తట్టలా," అన్నాడు.

ఎదుటి సీటులో మనిషి అదేమిటని అడిగాడు. కారం దంచే చొక్కా అని, రొంపిచెర్లలో ఒక కోడలు కనిపెట్టిందని ఆయన చెప్పాడు. నరసరావుపేట వచ్చేదాకా ఆ రబ్బరు చేతిలో తన చెయ్యి దూర్చి, పైకీ కిందికీ ఆడించి, అది సాగడమూ ముడవడమూ చూసుకుంటూనే ఉన్నాడు. బస్సులో జనమంతా పెద్దమనిషి కొత్త చొక్కా సరిపోక అవస్థ పడుతున్నాడనుకున్నారు.